మూడో దెబ్బ దాగలి మీద

మొన్న మా కోడలు వంటింట్లో పని చేసుకుంటూ ఫోనులో ఏదో పాట పెట్టింది. పాటంటే మన కాలపు పాట కాదు, ఇప్పటివాళ్లు ర్యాప్ అంటారే, వెనకనుంచి ఎవరో తరుముకొస్తున్నట్టు గుక్క తిప్పుకోకుండా మాటలు దొర్లించడం, అది. నాకా గోల గిట్టదు. కాస్త తగ్గించమ్మా అని కసురుదామని వసారాలో కుర్చీలోంచి లేచినవాణ్ణి లేచినట్టే ఆగిపోయాను, ఎందుకంటే ఆ మాటల వెనక సుత్తి దెబ్బలు వినబడ్డాయి. రెండు రేకు మీద, మూడోది ఉత్త ఇనుము మీద. ఆ వరస నాది.

నాదని గొప్పకు అంటున్నాను గాని, నిజానికి మా నాన్నది. కోనసీమలో కొలిమి పెట్టుకు బతికిన మనిషి, ఎర్రగా కాలిన ఇనుము మీద రెండు దెబ్బలు వేసి, మూడోది కింద ఉన్న ఇనప దిమ్మ, అదే దాగలి, దాని మీద ఉత్తినే వేసేవాడు. ఆ మూడో దెబ్బలో చెయ్యి సేదదీరుతుందని, తర్వాత ఎక్కడ కొట్టాలో కన్ను వెతుక్కుంటుందని చెప్పేవాడు. నాగళ్లూ కొడవళ్లూ అడిగేవాళ్లు తగ్గిపోయాక, కువైట్‌లో యుద్ధం ముగిసి రెండేళ్లయ్యాక, నేను ఆ వరసను చేతిలో పెట్టుకుని విమానం ఎక్కాను. షువైఖ్‌లో ఒక గ్యారేజీలో డెంటింగ్ మేస్త్రీగా కుదిరాను. నలిగిన మడ్‌గార్డులూ తలుపులూ విప్పి, దాగలి మీద పెట్టి, కొట్టి కొట్టి మళ్లీ నున్నగా చెయ్యడం నా పని. రెండేళ్లకు మా బావమరిదిని కూడా రప్పించుకున్నాను, అది నేను చేసిన మేలో కీడో ఇప్పటికీ తేల్చుకోలేను.

మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నెలకోసారి వచ్చి టీ తాగి పోయేవాడు. గ్యారేజీని ఏలింది మేనేజరు. అతన్ని ముదీర్ అనేవాళ్లం. అతని చేతిలో పాత ఫ్యాను బెల్టు ఒకటి ఎప్పుడూ ఉండేది. నా ఈడువాళ్లు బడిలో పేంబెత్తం దెబ్బలు తినే ఉంటారు, కాని ఆ బెల్టు దెబ్బ వేరు, అది వీపుకు చుట్టుకుని పొట్ట మీద తేలుతుంది. రంగు సరిగ్గా కలవలేదని మా బావమరిదిని చెవి మీద కొడితే ఆ చెవిలోంచి మూడు రోజులు రసి కారింది, ఇవాళ్టికీ ఆ పక్కనుంచి పిలిస్తే పలకడు. ఒక పంజాబీ వెల్డరు వేళ్లను కారు తలుపు మధ్య పెట్టి మూయించాడు. మేమేం చేశామయ్యా అంటే, పక్కవాడికి దెబ్బ పడుతుంటే తలవంచుకుని మా రేకు మేం కొట్టుకున్నాం. అంత పిరికివాళ్లమా అని మీరడిగితే, ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, ముదీర్ బీరువాలో ఉన్నప్పుడు అందరం పిరికివాళ్లమే.

అలాంటి చోటికి ఘనా దేశంనుంచి ఒకడు వచ్చాడు. మొబైల్ ఫోన్లు కూలివాళ్ల చేతుల్లోకి కూడా వస్తున్న రోజులు. ఆరడుగులవాడు, ఇరవై అయిదేళ్లుంటాయి. సెక్యూరిటీ ఉద్యోగమని చెప్పి తెచ్చి గ్యారేజీలో పడేశారు. నాకు చేతికింద ఇచ్చారు. నేను వాణ్ణి తమ్ముడూ అన్నాను, వాడు మా బావమరిదిని అడిగి ఆ మాటకు జవాబు తెలుసుకుని నన్ను అన్నా అన్నాడు. చివరిదాకా అంతే, నన్ను పేరుపెట్టి పిలవలేదు.

పని వారంలో పట్టుకున్నాడు, మూడో దెబ్బను మాత్రం ఒక్క పూటలో పట్టుకున్నాడు. మధ్యాహ్నం తిండి దగ్గర బోర్లించిన బానెట్ మీద అరచేతులతో ఆ వరసే వాయిస్తూ, తన భాషా ఇంగ్లీషూ అరబ్బీ కలిపి మాటలు కట్టేవాడు. ముదీర్ పొట్ట మీద, అతని బెల్టు మీద, మా పిరికితనం మీద కూడా. మూడో దెబ్బ దగ్గర మమ్మల్ని అందర్నీ “యల్లా”, అంటే పదండి, అనమనేవాడు. అయిదారు దేశాలవాళ్లం, చెవి పోయినవాడూ వేళ్లు నలిగినవాడూ, అంతా ఒక్కసారిగా అనేవాళ్లం. ఎన్నేళ్ల తర్వాత నవ్వామో ఆ షెడ్డులో. మా బావమరిదికి మాత్రం గుండెల్లో రాయి పడింది. “బావా, ఈడి నోరు ఈడి కొంప ముంచేత్తాదండీ, మీరైనా చెప్పండి” అన్నాడు. నేను చెప్పలేదు. నాకా నవ్వు కావలసివచ్చింది.

ఎవరో ఈ సంగతి ముదీర్‌కు మోసేశారు. ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం వాడు బానెట్ వాయిస్తుండగానే ముదీర్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు, ఇద్దరి చేతుల్లోనూ ఇనప గొట్టాలు. మొదటి దెబ్బ మోకాళ్ల మీద వేశారు. పడ్డాక ఒకడు జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు. ముదీర్ గొట్టం తీసుకుని, ఈ నోరేనా, ఈ నోరేనా అంటూ మూతి మీద కొట్టాడు. ఎముక చప్పుడు ఎలా ఉంటుందో నేనా రోజే విన్నాను. ముందు పళ్లు మూడు నా చెప్పుల దగ్గర పడ్డాయి. చెప్పడానికి నోరు రావడం లేదు గాని, అప్పుడు నా చేతిలో సుత్తి ఉంది. దాన్ని నేను కింద పెట్టాను. నా మీదికి రాకూడదని పెట్టాను.

వాడు పాకుతూ వచ్చి ఆ సుత్తే అందుకున్నాడు. లేచి ఒక్కటే వేశాడు, ముదీర్ భుజం ఎముక విరిగి చెయ్యి వేలాడింది. మిగతా ఇద్దరూ పారిపోయారు. మేం ఎవ్వరం కదల్లేదు.

పోలీసులు వచ్చి వాడితోపాటు నన్నూ స్టేషనుకు తీసుకుపోయారు, సుత్తి నాది గనక. కఫీల్ తరఫు మనిషి ఒకడు అరబ్బీలో రాసిన కాగితం నా ముందు పెట్టి, ఇక్కడ సంతకం, ఖలాస్, అంతటితో అయిపోతుంది, అన్నాడు. ఇప్పుడొక మాట ఒప్పుకుంటాను. మేం కువైట్‌లో సంతకం పెట్టిన కాగితాల్లో ఒక్కటీ చదివి పెట్టింది కాదు. ఇఖామాకూ, జీతానికీ, సెలవుకూ, ఏ కాగితం వచ్చినా వేలు పెట్టి చూపించిన చోట గీకేవాళ్లం, అది మాకు ఊపిరి తీసినంత మామూలు. అలాగే గీకాను. కాని చదవడం రాదన్నది ఎంత నిజమో, ఇందులో ఏముందని అడగొచ్చన్నదీ అంతే నిజం. ఆ నెలలోనే నా ఇఖామా, మా బావమరిది ఇఖామా తిరగరాయాలి. నేను అడగలేదు. ఏ గొడవా లేకుండా, ఎవరూ ఏమీ అనకుండానే వాడే సుత్తితో ముదీర్ మీద పడ్డాడని నేను కళ్లారా చూసినట్టు అందులో ఉందని తర్వాత కఫీల్ దగ్గరుండే హైదరాబాదు డ్రైవరొకడు, అరబ్బీ చదవగలిగినవాడు, చెప్పాడు.

బయటికి వస్తుంటే వరండాలో బేడీలతో కూర్చోబెట్టారు వాణ్ణి. మూతి వాచి ముఖమంతా ఒకటే ముద్దయింది. నన్ను చూసి ఆ రక్తం నోటితోనే నవ్వాడు. మాకు అలవాటైన కలగలుపు హిందీలో అడిగాడు, “అన్నా, సచ్ బోలా?” నిజం చెప్పావా, అని.

నేను తలూపాను.

జైల్లో కొన్ని నెలలు పెట్టి దేశంనుంచి పంపేశారు. ఒక చొక్కా, చెప్పుల జత డ్రైవరు చేత పంపించాను గాని నేను వెళ్లలేదు. ఆ తర్వాత అయిదేళ్లు అదే దాగలి దగ్గర పనిచేశాను. మూడో దెబ్బ వెయ్యడం మానేశాను.

ఇన్నాళ్లకు మా వంటింట్లో వినిపించింది. కోడలు హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది, నేను ఆసక్తిగా నిలబడ్డం చూసి ముచ్చటపడి ఫోను చూపించింది. పెద్ద స్టేడియం, ఇసక వేస్తే రాలనంత జనం. మధ్యలో వాడు. కాస్త ఒళ్లు చేశాడు. నవ్వితే ముందు పళ్లు మూడు బంగారం, అది ఫ్యాషనని కుర్రకారంతా అలాంటి తొడుగులే పెట్టించుకుంటున్నారట. ఆఫ్రికాలో వాడిని మించినవాడు లేడట, లండన్‌లో పాడితే టిక్కెట్లు దొరకవట. ఊరికి తిరిగి వెళ్లాక ఒక బస్సుల షెడ్డులో నలిగిన మడ్‌గార్డు మీద సుత్తితో వాయించి మొదటి పాట రికార్డు చేశాడట, ఇది ఆ పాటేనట. పాటలో ఏముందమ్మా అన్నాను.

ఆమె ఒక్కొక్క ముక్కా ఆపి చెప్పింది. బెల్టు పట్టుకున్నవాడు వచ్చాడు. గొట్టాలవాళ్లు ఇద్దరూ వచ్చారు. జుట్టు పట్టినవాడు, పళ్లు, బేడీలు, ఏదీ వదల్లేదు. నా వంతు ఎప్పుడొస్తుందా అని గోడ పట్టుకుని నిలబడ్డాను. రానీ, ఇన్నేళ్లకైనా ఎవరో ఒకరు నా ముఖాన అననీ అనుకున్నాను.

“ఇదేంటండీ మావయ్యగారూ, అన్న అంటున్నాడు, మన మాటే” అంది కోడలు. “అందరూ అబద్ధమాడారు, మా అన్న ఒక్కడే నిజం చెప్పాడు, అంటున్నాడండీ. మీరున్న చోటేనా ఇది?”

షువైఖ్‌లో వందల గ్యారేజీలమ్మా అన్నాను. ఫోనులో ఆ జనమంతా మూడో దెబ్బ దగ్గర చేతులెత్తి అన్నా, అన్నా అని అరుస్తున్నారు. తిట్టినా బాగుండేది. వాడు తిట్టి ఉంటే నేనీ పూట హాయిగా అన్నం తినేవాణ్ణి.

ఇప్పుడు షువైఖ్‌లో రేకు కొట్టేవాళ్లు లేరట, తలుపు నలిగితే తీసి పారేసి కొత్తది బిగిస్తున్నారని మొన్నే వచ్చినవాడొకడు చెప్పాడు. ఇప్పటి కుర్రాళ్లు కాగితం మీద ఫోను పెడితే అరబ్బీ తెలుగులో చదివేస్తుందట, ఏమీ చూడకుండా గీకేవాడు లేడట. మా కాలం పోయింది, పోవలసిందే. ముదీర్ బెల్టులూ పోయి ఉంటే ఇంకా సంతోషం. కాని ఆ రోజు నా చేతిలో అలాంటి ఫోను ఉండి ఉంటే మాత్రం, ఆ కాగితం మీద పెట్టి చదివేవాణ్ణా అని అడిగితే, నాకే నమ్మకం లేదు.

“ఎంత మంచి మనిషో కదండీ ఆ అన్న” అంది కోడలు, ఫోను కట్టేస్తూ.

నేను తలూపాను.