యజమాని ఎవరమ్మా?

కత్తెరక్క అసలు పేరు మాలో చాలామందికి తెలియదు. మెడలో టేపు, చేతిలో కత్తెర లేకుండా ఆవిడను ఎవరూ చూసి ఉండరు, అందుకే ఆ పేరు స్థిరపడిపోయింది. బస్సు డిపో వెనక రేకుల షెడ్డులో ఆసుపత్రి బట్టలు కుట్టించేది. ఆపరేషన్ గదిలో వేసుకునే గౌన్లు, రోగుల చొక్కాలు, దుప్పట్లు. నేను అక్కడ గౌన్లకు నాడాలు కుట్టేదాన్ని. ఇరవై మందికి పైగా ఆడవాళ్ళం ఉండేవాళ్ళం. సగం మంది మొగుడు వదిలేసినవాళ్ళు, మిగతా సగం వదిలేస్తే బాగుండునని అనుకునేవాళ్ళు.

ఇంటి వరండాలో ఒక్క మిషనుతో మొదలుపెట్టిన మనిషి ఆవిడ. గుడ్డ బేరమాడేది ఆవిడే. మిషను మొరాయిస్తే కొంగు దోపుకుని విప్పి కూర్చునేది ఆవిడే. మాలో ఎవరికైనా జ్వరమొస్తే ఆ పని కూడా నెత్తినేసుకునేది. ఇక ఆవిడ ఇంటాయన మధ్యాహ్నానికి వచ్చి, గుడ్డ మూటల మీద నడుం వాల్చి, పేపరు మొహాన కప్పుకుని గుర్రుపెట్టేవాడు. ఆయన వల్ల షెడ్డుకు జరిగిన మేలు ఏదైనా ఉందంటే, ఆ గుర్రుకు హడలి ఎలుకలు అటు రాకపోవడమే.

పెద్దాసుపత్రి బట్టల కాంట్రాక్టు ఎప్పుడూ ఒక పెద్ద కంపెనీదే. వాళ్ళు విదిలించిన పని మేము కుట్టేవాళ్ళం. ఒక ఏడు ఆ కంపెనీ మాకు పని ఇవ్వడం మానేసింది. షెడ్డు మూత పడుతుందని అందరం దిగులు పడుతుంటే ప్రభుత్వం కొత్త కబురు చెప్పింది. ఆ కాంట్రాక్టులో ఒక భాగం ఇకమీదట ఆడవాళ్ళు, మైనారిటీలు నడిపే చిన్న వ్యాపారాలకేనట. అక్క రెండు లెక్కల్లోనూ సరిపోతుంది.

"ఇన్నాళ్ళూ రెండు రకాలుగా చిన్నచూపు చూశారు కదే, ఇప్పుడు రెండు మార్కులు వేస్తారట" అని నవ్వింది అక్క.

కాకపోతే ఒక మెలిక. షెడ్డును నిజంగా ఆడమనిషే నడుపుతోందని అధికారులు వచ్చి, కళ్ళారా చూసి, సర్టిఫికెట్ ఇవ్వాలి. అది వస్తే మాకు పని ఉంటుంది. రాకపోతే ఇంటికి పోవడమే.

ఈ సంగతి విన్న దగ్గర్నుంచి ఇంటాయన మూతి ముడుచుకున్నాడు. "కాగితాల్లో నా పేరే లేదటగా. ఇంతకీ నేనెవర్ని, నీ నౌకర్నా?" అని అన్నం మీద అలిగాడు. అక్క బతిమాలింది. "వాళ్ళొచ్చిన రోజు మీరూ ఉందురుగాని లెండి. మీ గౌరవం ఎక్కడికీ పోదు" అని బుజ్జగించింది. చెట్టంత మనిషిని చంటిపిల్లాడిలా బుజ్జగిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు ఆయన పెళ్ళికొడుకులా తయారై వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దాని మీద ఇంత సెంటు. వచ్చిన అధికారులు ఇద్దరు. ఒక కళ్ళద్దాలాయన, ఒక ఆఫీసరమ్మ. వాళ్ళు గుమ్మంలో అడుగు పెట్టారో లేదో, అక్క బల్ల వెనక కుర్చీలోంచి గభాలున లేచి ఇంటాయన్ని అందులో కూర్చోబెట్టింది. తను కాఫీ కలపడానికి వెనక్కి వెళ్ళిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ చేసేది అదే. ఇది ఇల్లు కాదన్న సంగతి ఆ క్షణాన తోచనేలేదు.

"రేట్లు ఎవరు నిర్ణయిస్తారు?" అని అడిగాడు కళ్ళద్దాలాయన.

"ఇంకెవరండీ, నేనే."

"పనివాళ్ళను పెట్టుకునేది?"

"అన్నీ నేనే చూసుకుంటాను. ఆడవాళ్ళకు ఇవన్నీ ఏం తెలుస్తాయి చెప్పండి?"

నేను ఉండబట్టలేక లేచాను. "అన్నీ అక్కే చేస్తుందండీ, ఆయన..." అనేలోపే కళ్ళద్దాలాయన కసిరాడు. "పనివాళ్ళు మధ్యలో మాట్లాడకూడదమ్మా."

అక్క కాఫీ తెచ్చింది. "ఏమ్మా, మీ ఆయన చెప్పింది నిజమేనా?" అని ఆఫీసరమ్మ సూటిగా అడిగింది.

కాదని ఒక్క మాట అంటే చాలు. కానీ ఇంతమంది ముందు మొగుడు అబద్ధాలకోరని చెప్పాలి. చెప్పి, రాత్రికి అదే మనిషికి అన్నం వడ్డించాలి. అక్క సిగ్గుపడుతూ నవ్వి, నలుగురిలో ప్రతి పెళ్ళామూ అనే మాటే అంది. "ఆయన లేకపోతే నేనేం చేయగలనండీ."

ఆఫీసరమ్మ అది రాసుకుంది. ఇంటాయన మీసం సవరించుకున్నాడు.

భర్త వ్యాపారానికి భార్య పేరు అడ్డం పెట్టుకున్నారని సర్టిఫికెట్ నిరాకరించారు. అక్క ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. "నీ నోటితో నువ్వే చెప్పావు కదమ్మా" అన్నారు వాళ్ళు. ఇంటికొచ్చి ఏడిస్తే, "నేనేం చేశాను? నువ్వేగా అన్నావు" అని ఇంటాయన పేపరు తిరగేశాడు.

ఆ కాంట్రాక్టు కాస్తా ఊళ్ళో గుడ్డల గోడౌను ఉన్న ఒక షావుకారు భార్యకు వెళ్ళింది. అధికారులు వచ్చే రోజు షావుకారు గోడౌనులో నాలుగు అద్దె మిషన్లు పెట్టించి, తెలివిగా ఊరు దాటి వెళ్ళాడట. లాయరు నేర్పిన జవాబులన్నీ ఆవిడ గడగడా అప్పజెప్పిందట. "మా ఆయనకు నా షాపు ఏ వీధిలో ఉందో కూడా తెలీదండి అన్నాను" అని తర్వాత ఆవిడే మాకు నవ్వుతూ చెప్పింది. నిజానికి ఆవిడ షాపు ఏ వీధిలోనూ లేదు.

షాపు లేకపోతే బట్టలెవరు కుడతారు? షావుకారు తిన్నగా మా షెడ్డుకే వచ్చాడు. పాత కంపెనీ ఇచ్చిన దానికంటే తక్కువ కూలి చెప్పాడు, షెడ్డు మీద తన భార్య బోర్డు పెట్టాలన్నాడు. అక్క మా మొహాలు ఒకసారి చూసి సరేనంది. షావుకారు ఇంటాయనకు కూడా గేటు దగ్గర కాపలా పని చూపించాడు. కారు వచ్చినప్పుడల్లా లేచి సలాం కొట్టాలి. పాపం, ఆయనకు ఇప్పుడు నిద్ర లేదు. నాకు జాలి కలగలేదు, అబద్ధమెందుకు?

ఏడాది తిరిగేసరికి మళ్ళీ తనిఖీ అన్నారు. షావుకారు భార్య ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని షెడ్డులోకి వచ్చింది. "ఇదేంటి? అదేంటి?" అని అడుగుతుంటే అక్క వెంట తిరిగి అన్నీ నేర్పింది. గుడ్డ ఎలా కత్తిరిస్తారో, ఏ కుట్టు ఎక్కడ వేస్తారో, మేము ఎవరెవరమో. ఆవిడ మరిచిపోతే విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది.

మళ్ళీ ఆ ఇద్దరే వచ్చారు. బోర్డు మారిన షెడ్డునూ గుర్తుపట్టలేదు, అక్కనూ గుర్తుపట్టలేదు. షావుకారు భార్య బాగానే చెప్పింది. ఎందుకైనా మంచిదని ఆఫీసరమ్మ మిషను ముందున్న అక్క దగ్గర ఆగింది.

"భయపడకుండా నిజం చెప్పు. ఇక్కడ యజమాని ఎవరమ్మా?"

మిషన్లన్నీ ఆగిపోయాయి. చెప్పేయ్ అక్కా, పోతే పోనీ అని నా గొంతు దాకా వచ్చింది. కానీ నా ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. నేనూ నోరు మూసుకున్నాను.

"ఆ అమ్మగారేనండి" అని అక్క చెయ్యెత్తి చూపించింది.

ఆఫీసరమ్మకు సంతోషమేసింది. అక్క భుజం తట్టి, "చూడు, ఒక ఆడమనిషి ఎలా నిలబడిందో. ఆవిణ్ణి చూసి నువ్వూ నేర్చుకో" అంది.

"అలాగేనండి" అంది అక్క.

సర్టిఫికెట్ ఇంకో మూడేళ్ళకు పొడిగించారు. అందరికంటే ముందు అక్కే చప్పట్లు కొట్టింది.