రాబందుకు వేసిన సూది

కోరుట్ల బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో ఇప్పటికీ ఈ మాట చెప్పుకుంటారు. పశువుల సారయ్యకు రాబందుల మీద చిన్నప్పటి నుంచీ పగ. ఒకప్పుడు వాళ్ల ఇంటి మీద రాబందు వాలితే, ఇల్లు విడిచి ఆరు నెలలు చెట్ల కింద పడి ఉన్నారు. ఆ పగను యాభై ఏళ్లు కడుపులో దాచుకుని, చివరికి జూకు పోయి, బోనులో ఉన్న రాబందును విషపు సూదితో చంపి పట్టుబడ్డాడు.

"నాలుగు తగిలిచ్చినంక గని ఒప్పుకోలేదట," అంటాడు ఒకడు.

"గంత మెత్తటి మనిషి, ఎట్ల జేసిండో," అంటూ ఇంకొకడు సాసర్లో చాయ్ ఊదుకుంటాడు.

ఇంటి మీద రాబందు వాలిన మాట నిజమే. అప్పుడు సారయ్యకు తొమ్మిదేళ్లు. మేడిపల్లి దగ్గరి వాళ్ల ఊళ్లో, మిట్టమధ్యాహ్నం, పెంకుటింటి కొప్పు మీద వాలి చాలాసేపు కూర్చుంది. ఇల్లు ఆరు నెలలు విడవాలని పెద్దమనుషులు చెప్పారు. తల్లి తలుపుకు గొళ్లెం పెట్టి, ముళ్లకంప అడ్డం వేసి, పిల్లలను వెంటబెట్టుకుని కోరుట్ల వచ్చింది. చెట్ల కింద మాత్రం ఉండలేదు. పశువుల దవాఖానా ఊడ్చే పని దొరికితే, దాని వెనక రేకుల కొట్టంలో ఉన్నారు. ముక్కుతాడు ఏ పక్కన పట్టాలో, సూది దిగేటప్పుడు బర్రెను ఎట్లా మాటల్లో పెట్టాలో సారయ్య నేర్చుకున్నది అక్కడే. కాంపౌండర్ వెంట తిరిగి తిరిగి, పెద్దయ్యాక అదే పనితో ఊళ్ల మీద బతికాడు. సర్టిఫికెట్ ఏదీ లేదు. చేతివాసి ఉందని రైతులు పిలిచేవాళ్లు.

కూలబడిన ముసలి ఎద్దును చూస్తే ఆయనకు మనసు ఆగదు. బతకదని తెలిసినా నొప్పిసూది వేసేవాడు.

"పోయేటిది ఎట్లనన్న పోతది. ఏడ్సుకుంట ఎందుకు పోవాలె," అనేవాడు.

పశువుల కోసం వచ్చే ఆ మందు పెద్ద బుడ్డీలు దుకాణాల్లో ఏనాడో బందయ్యాయి. దాన్ని పశువులకు వాడొద్దని ఒక మీటింగులో చెప్పారు కూడా. ఎందుకో చెప్పింది సారయ్యకు వినబడలేదు. మందు పాలల్లోకి దిగుతుంది కాబోలు అనుకున్నాడు. అందుకని పాలిచ్చే బర్రెలకు పూర్తిగా మానేశాడు. పాలివ్వని ఎద్దులకు ఏం భయం? కోరుట్లలో ఫహీమ్ మెడికల్ షాపులో మనుషులకు వేసే సూదిమందే కొని, నాలుగైదు గాజుబుడ్లు కలిపి ఒకేసారి ఎక్కించేవాడు. అట్లా చాలా ఏళ్లు గడిచాయి.

పోయిన ఎండాకాలం మనవరాలు శ్రీనిత అలిగింది. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి జూకు తీసుకుపోతానన్న తండ్రి ప్రకాశ్, సెలవు దొరకలేదన్నాడు. ఆ పిల్ల తండ్రితో ఫోన్లో మాట్లాడటం మానేసింది. దాన్ని సముదాయించడానికి సారయ్య, భార్య వెంకటవ్వ జగిత్యాలలో బస్సు మారి, కొండగట్టు మీదుగా సిరిసిల్లలో ఉన్న బిడ్డ రాణి ఇంటికి వచ్చారు. ఆదివారం నలుగురూ ఆటో మాట్లాడుకున్నారు. మందుల సంచి సారయ్య ఒళ్లోనే ఉంది. అది లేకుండా ఆయన ఎక్కడికీ పోడు.

గుట్ట కింద రెండెకరాల్లో ఎవరో ట్రస్టు వాళ్లు నడుపుతున్న చిన్న జూ అది. అంతరించిపోతున్న జంతువులను ఇక్కడ కాపాడుతున్నామని గేటు మీద రాసి ఉంది. ఒంటినిండా పొలుసులుండే అలుగు ఉందన్న గుంతలో ఒట్టి మట్టి కనబడింది. దుమ్ములగొండి ఒకే దారిలో తిరిగి తిరిగి బోను నేలలో గాడి పడింది. అది మనుషుల వైపు తల తిప్పలేదు. చివరి బోనులో రెండు రాబందులు.

వెంకటవ్వ వెంటనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నేను సూడ. దాన్ని జూసినోళ్లకు ఇల్లు అచ్చిరాదు."

"మనమే అచ్చి దాని ఇంటి మీద వాలినం అవ్వా," అంది రాణి. "ఇల్లు ఇడిసేదుంటే అదే ఇడవాలె."

శ్రీనిత పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్విందని రాణి ఆ నవ్వును ఫోన్లో తీసింది.

సారయ్య చూపు మాత్రం ఒక పక్షి కాలి మీద ఆగింది. కీలు దగ్గర వాచి ఉంది. అది రెండో కాలి మీదే బరువంతా వేసి ఒరిగి నిలబడింది. అప్పుడే మాంసం బకెట్ పట్టుకుని, వాటికి మేత పెట్టే గంగవ్వ వచ్చింది.

"నాలుగు దినాలాయె గిట్ల కుంటవట్టి," అందామె. "డాక్టరు కరీంనగర్ నుంచి నెలకు రెండుసార్లస్తడు. ఫోన్ జేస్తే, అచ్చినప్పుడు సూస్త అన్నడు."

"మా తాత డాక్టరే," అంది శ్రీనిత.

"పశువుల మనిషిని చెల్లె. డాక్టరును గాదు," అన్నాడు సారయ్య.

గంగవ్వ సంచి వైపు చూసింది. "నువ్వన్న జర సూడు అన్నా. లోపలికి ఎవ్వలను రానియ్యద్దంటరు గని, ఆయితారం ఆఫీసుల ఎవ్వలుండరు."

ఆమె తాళం తీసింది. పక్షి తల మీద గోనెసంచి కప్పి, రెక్కలు కదలకుండా ఒడిసి పట్టుకుంది. సారయ్య కాలు తడిమి చూశాడు. విరగలేదు, బెణికింది. పక్షిని ఎన్నడూ ముట్టుకోలేదు గనుక, ఈకలు పక్కకు తోసి కండ ఎక్కడుందో వెతికాడు. ఎద్దుకు వేసే నొప్పిమందులో చుక్కంత, చాలా తక్కువ తీసుకుని తొడ కండలో దించాడు. వేసేటప్పుడు అలవాటు కొద్దీ, "అయిపోయె, అయిపోయె," అని గొణిగాడు.

అరగంట గడిచేసరికి అది ఆ కాలు నేల మీద మోపింది. శ్రీనిత చప్పట్లు కొట్టింది. వెంకటవ్వ సైతం కొంగు తీసి చూసింది. గంగవ్వ సారయ్య నంబరు తీసుకుంది.

మంగళవారం పొద్దున, ఊళ్లో సారయ్య పళ్లు తోముకుంటుండగా ఆమె ఫోన్ వచ్చింది.

"అన్నా, గది నిన్న పొద్దుగూకంగ సచ్చిపోయింది. రాత్రికే డాక్టరును పిలిపిచ్చి కోసి జూసిండ్రు. లోపలంత సున్నం పూసినట్టు తెల్లగున్నదట. నేను కరాబైన మాంసం పెట్టిన్నని నా మీదికి అస్తున్నరు. నిన్ను లోపలికి రానిచ్చిన్నంటే ఉన్న పని గుడ పోతదని సూది సంగతి చెప్పలే." ఆమె గొంతు తగ్గించింది. "జోడు పోయినకాన్నుంచి రెండోది గుడ తింటలేదు. మెడ ఏలాడేసింది. నువ్వచ్చి దానికి గుడ గా సూది ఎయ్యి అన్నా. ఎవ్వలకు తెల్వకుండ."

సారయ్య ఆ సున్నం అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. పాతికేళ్ల కిందట ఊరవతల, చచ్చిన పశువులను ఈడ్చి పడేసే చోట, రాబందులు ఒక్కొక్కటిగా పడి ఉండేవి. కుక్కలు చీల్చినవాటి లోపల ఇట్లాగే తెల్లగా ఉండేది. పక్షులకు ఏదో రోగం తగిలిందనుకున్నారు. కొన్నాళ్లకు ఆకాశంలో ఒక్కటీ కనబడలేదు. ఇళ్ల మీద వాలేవి ఇక లేవని ఊరు సంతోషపడింది కూడా.

"దానికి ఏ సూదీ ఎయ్యనియ్యకు," అని మాత్రం గంగవ్వకు చెప్పి, కోరుట్ల పోయాడు.

ఫహీమ్ అప్పుడే షట్టరు లేపుతున్నాడు. ఆ మందుతో రాబందులు చస్తాయా అని సారయ్య అడిగితే తల ఊపాడు. "అందుకే గద కాకా బంద్ జేసింది. గా మందు వడ్డ పశువును తింటే రాబందులు సస్తయట. నీకు తెల్వదా?"

"నువ్వు చెప్పలే."

"నువ్వు అడగలే. రాబందులేడున్నయని చెప్పాలె?"

సారయ్య లెక్కపెట్టబోయాడు. ఎన్ని ఎద్దులు? ఎన్ని ఊళ్లు? ఏడవకుండా పోవాలని ఆయన వేసిన ప్రతి సూదీ, ఆ ఎద్దు చచ్చాక కూడా పని చేసింది.

ఇంటికి వచ్చి చెబితే వెంకటవ్వ బియ్యం చాట పక్కన పెట్టింది.

"నిన్ను ఎవ్వలన్న అడిగిండ్రా?"

"అడగలే."

"మరి ఊకో. కాయిదం లేని డాక్టరువు. లోపలేస్తరు. ఉన్న పేరు గుడ పోతది."

"గంగవ్వ పని పోతది."

"ఆమె నీకేమైతది?"

ఆ రోజు సారయ్య అన్నం ముందు కూర్చుని, తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. మరునాడు పొద్దున మొదటి బస్సుకు పోయాడు.

జూ ఆఫీసులో చిన్న వయసు మేనేజరు ఉన్నాడు. సారయ్య నిలబడే చెప్పాడు. ఖాళీ గాజుబుడ్డి బల్ల మీద పెట్టాడు. మేనేజరు దాన్ని తిప్పి చదివి, కరీంనగర్ డాక్టరుకు ఫోన్ చేశాడు. అవతల ఆయన ఏమన్నాడో గాని, ఇతను చాలాసేపు, "సార్, సార్," అంటూ ఉన్నాడు.

"బోనులకు నిన్నెవరు పంపిండ్రు?" అని అడిగాడు ఫోన్ పెట్టేసి.

"నేనే జొరవడ్డ సార్. ఆమె వద్దన్నది."

తాళంచెవి గంగవ్వ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. ఆ అబద్ధం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. కరాబైన మాంసం పెట్టిందన్న మాట పోయింది. బయటి మనిషిని లోపలికి రానిచ్చిందని పనిలోంచి తీసేశారు. ఆమె బకెట్ కడిగి బోర్లించి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

రెండో రాబందును వేరే ఊరికి తరలించారు. బతికే ఉందని విన్నారు. పోలీసులు సారయ్యను రెండుసార్లు స్టేషనుకు పిలిచారు. కేసు ఇంకా నడుస్తోంది. రైతులు పిలవడం మానేశారు. శ్రీనితకు ఎవరూ చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా, "దాని కాలు మంచిగైందా తాతా," అని అడుగుతుంది. సారయ్య ఫోన్ వెంకటవ్వకు ఇచ్చేస్తాడు.

చాయ్ హోటల్లో మాట్లాడుకునేవాళ్లు ఆయన పట్టుబడ్డాడంటారు. ఆ బుధవారం పొద్దున ఆయన పోయేసరికే, మాంసం కరాబై పక్షి చచ్చిందని కాగితం రాసి పెట్టారు. దాని మీద గంగవ్వ వేలిముద్ర ఒక్కటే పడాల్సి ఉంది. సారయ్య అనే మనిషి ఉన్నాడని అప్పటికి ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆయనే పోయి చెప్పాడు.