పిడుగు మేస్త్రి కుడిచెయ్యి

పిడుగు మేస్త్రికి కోపం ముక్కు మీద ఉంటుందని ఆ వీధిలో అందరూ అనేవాళ్ళు. అది తప్పు. ఆయన కోపం కుడిచేతిలో ఉండేది. ముక్కుదాకా ఎక్కి వచ్చేంత ఓపిక దానికెక్కడిది? నోరు తెరిచేలోపే చెయ్యి లేచేది. అడిగిన సామాను అందకపోతే స్పానర్ విసిరేవాడు. కార్లు బాగుచేసే తన షెడ్డు ముందు హారన్ కొట్టి తొందరపెట్టిన పాపానికి ఒకాయన కారు అద్దం బద్దలైంది. షెడ్డు రేకుల గోడ నిండా పిడికిలి సొట్టలే. పక్కన టైర్లు అమ్మే ఆయన వాటిని చూపించి, "ఇది పోయినేడుది, ఇది మొన్నటిది, ఇంకా వేడిగానే ఉంటుంది, ముట్టుకోకండి" అని కొత్తవాళ్ళకు చెప్పేవాడు.

అయినా కార్లు అక్కడికే వచ్చేవి. ఆ చెయ్యి కొట్టడంలోనే కాదు, బిగించడంలోనూ మొనగాడు. ఇంజన్ పైన మూతలా కూర్చునే బరువైన దిమ్మను హెడ్డు అంటారు. దానికి పది బోల్టులు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే కింద ఉండే పలచని గాస్కెట్ సరిగ్గా అతుక్కోదు, నీళ్ళు పోకూడని చోటికి పోతాయి. అందుకే మిగతా మెకానిక్కులు టార్క్ రెంచ్ వాడతారు. సరిపడా బిగియగానే అది టక్కుమంటుంది. మేస్త్రి మాత్రం దాన్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "నా చెయ్యే కొలత" అనేవాడు. ఇరవై ఏళ్ళపాటు ఆ మాట అక్షరాలా నిజం.

రెండేళ్ళ కిందట ఎవరో "ఇంకెంతసేపయ్యా?" అన్నారని అరికాలి మంట నెత్తికెక్కి, మరుగుతున్న రేడియేటర్ మూతను గుడ్డ కూడా వేయకుండా తిప్పాడు. ఆవిరి, ఆ వెనకే మరిగే నీళ్ళు ఎగదన్నాయి. అరచేతి తోలు తొడుగు ఊడినట్టు ఊడి వచ్చింది. ఆయన కేకలకు వీధి చివర కుక్కలు కూడా మొరగడం ఆపాయట. కొన్నాళ్ళకు కొత్త తోలు వచ్చింది, చెప్పు అట్టలా మందంగా. స్పర్శ మాత్రం రాలేదు. "నరాలు పోయాయి, ఇక తెలియదు" అన్నాడు డాక్టరు.

ఆ ముక్క మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. పేరంతా ఆ చేతిదే, చెప్పి ఎలా బతకడం? వేడి గ్లాసు పట్టుకునే ముందు ఎదుటివాళ్ళు ఎలా పట్టుకున్నారో చూసి పట్టుకునేవాడు. బోల్టు ఎంత బిగిసిందో భుజం నొప్పిని బట్టి ఊహించుకునేవాడు. కొట్టినప్పుడూ అంతే. తన దెబ్బ ఎంతదో తనకే తెలిసేది కాదు. అందుకే దెబ్బలు ఇంకా పెద్దవయ్యాయి.

వాటిలో ఎక్కువ వాటా బావమరిదిది. మేస్త్రి భార్యకు తమ్ముడు కాబట్టి మేస్త్రి అలా పిలిస్తే అర్థముంది, కానీ వీధి వీధంతా అతన్ని బావమరిదీ అనే పిలిచేది. ముప్పై ఏళ్ళవాడు, సన్నటి మనిషి, తిట్టినా తలదించుకుని పని చేసుకుపోయే రకం. మూడు నెలల కిందట ఒక క్లిప్పు కింద పడేశాడని మేస్త్రి విసిరిన స్పానర్ అతని కనుబొమ్మను చీల్చింది. ఐదు కుట్లు పడ్డాయి.

షెడ్డు ముందుగదిలో మేస్త్రి భార్య కారు సీట్లకు కవర్లు కుడుతుంది. ఆ రోజు మిషను ఆపి లోపలికి వచ్చింది.

"చూడు, ఇంకొక్కసారి వాడి మీద నీ చెయ్యి పడిందా, వాణ్ణీ నా మిషన్నీ తీసుకుని పోతాను. అరవను, ఏడవను. పోతానంతే."

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. పెళ్ళాం లేని ఇంటిని మేస్త్రి ఊహించుకోలేకపోయాడు. మర్నాడే షెడ్డు మూల ఒక పాత లారీ టైరు వేలాడగట్టి, కోపం వచ్చినప్పుడల్లా దాన్ని గుద్దడం మొదలుపెట్టాడు. ఆ టైరు తిన్న దెబ్బలు పగవాడికి కూడా వద్దు. "నా సరుకు నీకేం ద్రోహం చేసిందయ్యా?" అని టైర్లాయన నవ్వేవాడు.

ఆ రోజుల్లోనే ఒక టాక్సీ డ్రైవరు తన పాత బూడిదరంగు కారు తెచ్చాడు. ఇంజన్ వేడెక్కి గాస్కెట్ కాలిపోయింది. కొత్తది వేశారు. బిగించే ముందు బావమరిది తాను కొనుక్కున్న టార్క్ రెంచ్ చాపితే, మేస్త్రి పక్కకు నెట్టేశాడు.

"ఆ టక్కుటక్కు పుల్ల నువ్వే ఆడుకో పో!"

పది బోల్టులూ తన చేత్తోనే బిగించాడు. పదిహేను రోజులకు కారు తిరిగి వచ్చింది.

"మేస్త్రీ, రెండ్రోజులకోసారి రేడియేటర్లో కూలెంట్ నీళ్ళు జానెడు దిగిపోతున్నాయి. కింద చూస్తే చుక్క లేదు. పొద్దున్నే స్టార్ట్ అవదు. ఒకవేళ అయినా వణుకుతూ తెల్లపొగ కక్కుతోంది" అన్నాడు డ్రైవరు.

మేస్త్రి రేడియేటర్ మూత మార్చి పంపాడు. మళ్ళీ వచ్చింది. పైపులూ వాటర్ పంపూ మార్చాడు. బావమరిది ఉండబట్టలేక అన్నాడు.

"బయట ఎక్కడా కారకుండా నీళ్ళు పోతున్నాయంటే ఇంజనే తాగుతోంది బావా. ఆగి ఉన్నప్పుడు సిలిండర్లోకి దిగుతున్నాయి, అందుకే పొద్దున్నే ప్లగ్గు తడిసి స్టార్టవట్లేదు. ఒకసారి హెడ్డు విప్పి చూద్దాం."

"నేను బిగించిన హెడ్డును ఇంతవరకూ ఎవడూ విప్పలేదు" అని మేస్త్రి టైరు దగ్గరికి వెళ్ళి నాలుగు గుద్దాడు. తన చేతి సంగతి తనకు తెలుసు. ఆ భయానికే ఇంకా గట్టిగా గుద్దాడు.

మూడోసారి కారు లారీ వెనక తాడు కట్టుకుని వచ్చింది. డ్రైవరు దిగాడు. చెంప మీద బెల్టు దెబ్బ ఎర్రగా తేలి ఉంది, చేతిలో ఇనుపరాడ్డు.

"ఆసుపత్రికి తీసుకెళ్తున్న పెద్దాయన్ని నడిరోడ్డు మీద దింపాల్సి వచ్చింది. ఆయన కొడుకు నన్ను జనం ముందు బెల్టుతో బాదాడు. నీ మూలాన!"

కాలర్ పట్టుకుని మేస్త్రిని బానెట్‌కేసి కొట్టాడు. మేస్త్రి మోకాలితో కడుపులో తన్నాడు. ఇద్దరూ నూనె మరకల మీద దొర్లారు. డ్రైవరు పైకి వచ్చి గొంతు మీద రాడ్డు అడ్డంగా పెట్టి నొక్కాడు.

"ఎవడు బిగించాడురా ఆ హెడ్డు? చెప్పు!"

మేస్త్రి కళ్ళు తేలేశాడు. నోరు జారింది. "వాడే... మా బావమరిది."

డ్రైవరు రాడ్డు తీసి అటు తిరిగాడు. బావమరిది ఆ రోజు తల దించుకోలేదు.

"అబద్ధమెందుకు బావా? నేను రెంచ్ ఇస్తే నెట్టేసింది నువ్వు. బిగించింది నువ్వు."

నిజం నలుగురిలో వినపడేసరికి మేస్త్రి ఒళ్ళు మండిపోయింది. టైరు మూలన ఉంది, మనిషి ఎదురుగా ఉన్నాడు. పిడికిలి నేరుగా మూతి మీద దిగింది. బావమరిది వెనక్కి పడ్డాడు, తల బంపర్‌కు తగిలింది, నోటి నిండా రక్తం. ముందుపన్ను ఒకటి ఊడి మేస్త్రి కాళ్ళ దగ్గర పడింది. చేతికి ఎప్పటిలాగే ఏమీ తెలియలేదు.

ముందుగదిలో మిషను చప్పుడు ఆగిపోయింది.

మేస్త్రి భార్య గుమ్మంలోకి వచ్చి ముందు తమ్ముణ్ణి చూసింది, తర్వాత మొగుణ్ణి.

"నాకేం కాలేదక్కా" అన్నాడు బావమరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నువ్వు నోరు మూసుకుని ప్లగ్గులు విప్పు. తప్పెవరిదో తేలనీ. తేలాకే పోతాం."

బావమరిది రక్తం ఉమ్మేసి నాలుగు ప్లగ్గులూ విప్పాడు. మూడోది తడిసి ముద్దయింది. తాళం తిప్పమని డ్రైవరుకు సైగ చేశాడు. మేస్త్రి ఇంజన్ మీదికి వంగి చూస్తున్నాడు. స్టార్టర్ తిరగ్గానే మూడో రంధ్రంలోంచి పచ్చటి కూలెంట్ బుస్సుమని లేచి ఆయన ముఖం మీద కొట్టింది. తుడుచుకోలేదు. ఇంజన్ తాగిన నీళ్ళు అవే.

తర్వాత బావమరిది టార్క్ రెంచ్‌కు కొలత పెట్టి బోల్టులు చూశాడు. సరిగ్గా బిగిసినదైతే కదలకుండా టక్కుమనాలి. రెండు మాత్రం టక్కుమన్నాయి. మిగతా ఎనిమిదీ తిరిగాయి. మూడో సిలిండర్ పక్కవైతే పావు చుట్టు తిరిగాయి.

"ఇప్పుడు చెప్పు, ఎవడు బిగించాడు?" అన్నాడు డ్రైవరు.

మేస్త్రి నేరుగా భార్య దగ్గరికి నడిచి, ఆవిడ చేతిలోని సీట్లు కుట్టే లావుపాటి సూది తీసుకుని తన కుడి అరచేతిలో గుచ్చాడు. సూది నిలబడింది. రక్తం కారింది. ఆయన ముఖంలో మార్పు లేదు.

"రెండేళ్ళ నుంచీ చచ్చిపోయి ఉందిది. బిగుసుకుందో లేదో తెలియదు. నేనే బిగించాను. తెలియకుండానే బిగించాను" అన్నాడు.

డ్రైవరు రాడ్డెత్తి భుజం మీద ఒక్కటి వేశాడు. అది తెలిసింది. మేస్త్రి కూలబడ్డాడు. ఎవరూ లేపలేదు.

"రెండేళ్ళా! ఈ చేత్తోనా వాణ్ణి కొడుతూ వచ్చావు?" అంది భార్య.

బావమరిది హెడ్డు విప్పాడు. నోట్లో గుడ్డ కుక్కుకునే పని చేశాడు. "దెబ్బలు తిని కూడా ఎందుకయ్యా నీకీ పని?" అని టైర్లాయన అడిగితే, "కారేం చేసింది పాపం?" అన్నాడు. మేస్త్రి ఎడంచేత్తో స్పానర్లు అందించాడు. అడిగినవి అడిగినట్టు, ఒక్కటీ విసరలేదు. కొత్త గాస్కెట్ మీద పది బోల్టులు వరసగా టక్కు, టక్కు అంటుంటే తలొంచుకుని విన్నాడు.

సాయంత్రానికి పని అయ్యేసరికి భార్య తన బట్టలు మూట కట్టేసింది. మిషను మాత్రం బల్ల మీదినుంచి ఊడలేదు. పెళ్ళైన కొత్తలో మేస్త్రే దాన్ని నాలుగు బోల్టులతో బిగించాడు. ఆవిడ శక్తి చాలలేదు. స్పానర్ తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"నువ్వే బిగించావు. నువ్వే విప్పు."

మేస్త్రి వంగి, ఎడంచేత్తో, పళ్ళు బిగబట్టి విప్పాడు. నాలుగూ ఒకే బిగువున ఉన్నాయి, ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత బాగా బిగించేవాడినా అనుకున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా.

ఆవిడ పెద్దక్క ఇంటి దగ్గర దింపుతానని డ్రైవరు మిషన్ను డిక్కీలో సర్దాడు. బావమరిది టార్క్ రెంచ్ గుడ్డలో చుట్టుకుని, "వస్తాను బావా" అన్నాడు, పన్ను లేక మాట ముద్దగా. భార్య కారెక్కుతూ ఆగింది.

"ఆ సూదిపోటుకు మందు రాసుకో. చీము పట్టినా నీకు తెలియదు."

డ్రైవరు తాళం మీద చెయ్యి వేశాడు. బతుకంతా ఇంజన్లు స్టార్ట్ కావాలనే కోరుకున్న మేస్త్రి, ఈ ఒక్కటి, ఈ ఒక్కసారి కాకపోతే బాగుండునని కోరుకున్నాడు. బావమరిది బిగించిన హెడ్డు కదా, తాళం తిప్పీ తిప్పగానే అందుకుంది. పొగ లేదు, వణుకు లేదు. కారు మలుపు తిరిగేదాకా ఆ శబ్దంలో ఒక్క తప్పు కూడా ఆయనకు దొరకలేదు.