క్రేన్ దిగని మొండివాడు

దోహాలో నేను టవర్ క్రేన్ ఆపరేటర్‌ని. పొద్దున నిచ్చెనలెక్కి క్యాబిన్‌లో కూర్చుంటే మళ్ళీ అన్నం వేళకే దిగడం. మధ్యలో ఒంటికి వచ్చిందని దిగితే, దిగడానికీ ఎక్కడానికీ అరగంట పోతుంది. కింద కాంక్రీటు వాళ్ళూ ఫోర్‌మనూ మెడలు పైకెత్తి తిట్టుకుంటూ నిలబడతారు. మిగతా ఆపరేటర్లు క్యాబిన్‌లో ఖాళీ సీసా పెట్టుకునేవాళ్ళు. ఛీ, నాకది నచ్చేది కాదు. అందుకని నీళ్ళు తాగడమే మానేశాను. పొద్దున ఒక చాయ్, మధ్యాహ్నం అన్నంతో ఒక గ్లాసు నీళ్ళు, అంతే. "మా ఆపరేటర్ దిగడు" అని ఫోర్‌మన్ పదిమందిలో అంటుంటే మీసం మెలేసుకునేవాణ్ణి.

పోయిన వేసవిలో నడుం పక్కన నొప్పి మొదలైంది. సీటు వల్ల అనుకున్నాను. ఏషియన్ టౌన్ బజారులో మలాం కొని రాసుకున్నాను, ఊరి నుంచి తెచ్చుకున్న నొప్పి మాత్రలు మింగాను. ఒకరోజు పొద్దుటి నుంచి పడుకునేదాకా ఒక్కసారి కూడా ఒంటికి రాలేదు. మరునాడూ అంతే. భయపడ్డానా? లేదు, సంబరపడ్డాను! ఒళ్ళు ఇన్నాళ్ళకు నా మాట వినడం నేర్చుకుందనుకున్నాను. నా తెలివి అలా ఏడిసింది.

మూడో రోజు పొద్దున వాంతులయ్యాయి. కాళ్ళు వాచి బూట్లు పట్టలేదు. క్యాంప్ క్లినిక్‌లో నర్సు నిజామాబాద్ వైపు ముస్లిం, నాకంటే చిన్నవాడు. నా పాదం మీద వేలితో నొక్కాడు. పడిన గుంట ఎంతకీ పూడలేదు.

"ఒంటికి ఎప్పుడు పోయినవే అన్నా?"

"అటుమొన్న."

"యా అల్లా! మరి చెప్పవేందే?"

"రాకుంటే మంచిదే గదా అనుకున్న."

అతను నెత్తి కొట్టుకున్నాడు. అంబులెన్స్ పిలిచి, నాతోపాటు తనూ ఎక్కాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాన్ చేస్తూ కుడివైపు వెతికింది, ఎడమవైపు చూసింది, మళ్ళీ కుడివైపుకే వచ్చింది. తర్వాత నర్సుతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అతను నా వైపు తిరిగాడు.

"అన్నా, నీకు ఒక్కటే కిడ్నీ ఉన్నది. దాని గొట్టంల రాయి అడ్డం పడ్డది."

"రెండోది ఏడ పాయె? ఎవడు కొట్టేసిండు?" అని లేచి కూర్చున్నాను. చిన్నప్పుడు నాకు అపెండిక్స్ ఆపరేషన్ చేసిన డాక్టరు గుర్తొచ్చి, పాపం ఆయన్ని నానా తిట్లూ తిట్టాను.

"ఎవడు తియ్యలే. పుట్టుకతోనే లేదు. లొల్లి చెయ్యకు, పండుకో."

నన్ను లోపలికి తీసుకెళ్ళేలోపు అతను కిడ్నీ సంగతంతా చెప్పాడు. కిడ్నీ పిడికిలంత ఉంటుందట. ఒంట్లో రక్తమంతా రోజూ ఎన్నోసార్లు దానిలోంచే పోతుందట. చెడును తీసేసి, కావలసిన ఉప్పునూ నీటినీ మళ్ళీ రక్తానికే అప్పగిస్తుందట. ఆ తీసిన మూత్రం సన్నటి గొట్టంలోంచి దానంతటది జారిపోదట. గొట్టమే పిండి పిండి మూత్రాశయంలోకి నెడుతుందట, మనం పడుకున్నా సరే! మూత్రాశయమేమో మనం సరే అనేదాకా ఓర్చుకుని కూర్చుంటుంది. నీళ్ళు చాలకపోతే మూత్రం చిక్కబడి, అందులోని లవణాలు రాళ్ళు కడతాయి. నా కిడ్నీ జోడు లేకపోయినా తానే పెద్దగా పెరిగి, నలభై ఏళ్ళు రెండింటి పనీ లాక్కొచ్చింది. ఒక్క రోజు సెలవు పెట్టలేదు. సైట్లలో ఎంతోమంది పనిమంతులను చూశాను గానీ, దాని ముందు వాళ్ళెవరూ పనికిరారు.

"బతికున్నదా అది?" అని అడిగాను.

"చూడాలె అన్నా. మూత్రం తయారు చేస్తే బతికినట్టే. చెయ్యకుంటే వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం కడగాలె. ఇగ క్రేన్ మాఫీ, లేనట్టే. ఇంటికే."

బోర్లా పడుకోబెట్టి, వీపుకు మత్తు సూది వేసి, కిడ్నీలోకి సన్నటి గొట్టం దించారు. దాని కొనకు సంచి కట్టారు. డికాషన్ రంగులో మూత్రం గబగబా వచ్చింది. కిడ్నీ బతికిందనుకుని నేను లేవబోయాను. "ఆగు, అది లోపల నిలవున్నది. కొత్తది రావాలె" అన్నాడు నర్సు.

సంచి ఖాళీ చేసి మళ్ళీ తగిలించారు. నేను దాన్నే చూస్తూ పడుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ పడలేదు. నేను ఎవరినీ బతిమాలే రకం కాదు. ఆ రోజు మాత్రం పైకే అన్నాను, "నీ కాల్మొక్త, ఒక్క చుక్క."

మరి కాసేపటికి గొట్టంలో ఏదో కదిలింది. ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఆగకుండా, తేటగా, పచ్చగా పడుతూనే ఉంది.

"అల్‌హందులిల్లా! పని చేస్తున్నదే అన్నా!" అని నర్సు నా భుజం పట్టుకుని ఊపేశాడు.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అతను కంగారుపడ్డాడు.

"ఎందుకే ఏడుస్తున్నవ్? వచ్చింది గదా!"

"ఇన్నేండ్లు నీళ్ళియ్యక సంపుకతిన్న దాన్ని. అయినా గూడ నా మీద అలగలే తమ్మీ" అన్నాను.