అద్దాల గోడ ముందు చుక్కలు

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో డిపార్చర్ గేట్ల బయట జనాన్ని చూసుకోవడం నా ఉద్యోగం. చూసుకోవడమంటే పెద్ద పనేమీ కాదు. ట్రాలీ అడ్డం పెట్టినవాళ్ళను జరగమనాలి, దారి తెలియనివాళ్ళకు చెయ్యి చూపించాలి, షిఫ్టంతా నిలబడాలి. నా పై ఆఫీసరు బందరు వైపు మనిషి. తిట్టినా ‘అండి’ పెట్టి తిట్టే మర్యాదస్తుడు. ఒకరోజు పిలిచి, సాగనంపడానికి వచ్చినవాళ్ళు అద్దాల గోడ ముందు నుంచి కదలడం లేదని, బారికేడ్లు పెట్టి వాళ్ళను పార్కింగ్ దగ్గరే ఆపేద్దామని పైవాళ్ళు అనుకుంటున్నారని చెప్పాడు.

“పెడితే ఎలా ఉంటుందో, పెట్టకపోతే ఎలా ఉంటుందో కంప్యూటర్లో కదిలే బొమ్మగా చూపిస్తే బాగుంటుందండి. మీరు డిగ్రీలో కంప్యూటర్లు చదివారు కదా!”

చదివాను, పరీక్ష కోసం. అయినా చేస్తానని ఒప్పుకున్నాను. కారణం ఉంది. మస్కట్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేసే మా తమ్ముడు, మేం బాపు అని పిలిచే నాన్న పోయాడని వచ్చి, సెలవు పొడిగించుకుని ఇంట్లోనే ఉన్నాడు. త్వరలో మళ్ళీ పోవాలి. బారికేడ్లు పడితే మా అమ్మ కొడుకును పార్కింగ్‌లోనే వదిలి రావాలి.

వెబ్ పేజీలో బొమ్మలను కదిలించడానికి జావాస్క్రిప్ట్ అనే భాష వాడతారు. ఆఫీసు బస్సులో ఫోన్లో పాఠాలు చూసి, ఇంటికొచ్చాక తమ్ముడి పాత ల్యాప్‌టాప్ మీద రాసేదాన్ని. ఎక్కడో ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోతే తెరంతా తెల్లగా పెట్టి ఊరుకునేది. అలిగిన చుట్టం నయం, ఎందుకలిగాడో ఎవరో ఒకరికైనా చెప్తాడు. ల్యాప్‌టాప్ మూత గట్టిగా వేసినందుకు తమ్ముడి చేత మాటలు కూడా పడ్డాను. చివరికి తెర మీద ఒక గుండ్రటి ఎర్ర చుక్క పడింది. ఇల్లలకగానే పండగ కాదని తెలిసినా అమ్మను పిలిచి చూపించాను.

“ఏందిది, బొట్టా?” అంది అమ్మ.

ఇలాంటి కదిలే బొమ్మను సిమ్యులేషన్ అంటారు, అందులో ఆ చుక్కే మనిషి. ఒక్కో చుక్కకు ఒక్కో నియమం ఇస్తాం. కంప్యూటర్ తెర తుడిచి, ప్రతి చుక్కనూ దాని నియమం ప్రకారం కొంచెం జరిపి, మళ్ళీ గీస్తుంది. అదే పని ఆగకుండా చేస్తుంటే చుక్కలు నడుస్తున్నట్టు కనిపిస్తుంది. నడిచేదీ లేదు, ఆగేదీ లేదు. చెరపడం, గీయడం, అంతే.

మొదటిసారి పాఠంలో ఉన్నట్టే రాశాను. చుక్క వస్తుంది, లైన్లో నిలబడుతుంది, గేటులోకి పోతుంది. చూస్తే అద్దాల ముందు ఒక్క చుక్కా మిగల్లేదు. అందరూ పల్లకి ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరు? ఏళ్ళ తరబడి అక్కడే నిలబడిన నేను, వచ్చినవాళ్ళందరికీ టికెట్లు ఇచ్చేశాను. షాద్‌నగర్ వైపు నుంచి ఒక్కడు గల్ఫ్‌కు పోతుంటే తుఫాన్ బండి నిండా జనం దిగుతారు. పాతబస్తీ నుంచి ఒక పెద్దామె మక్కాకు, ఉమ్రా యాత్రకు పోతుంటే వెనక కార్లకు కార్లు వస్తాయి. లోపలికి పోయేది ఒక్కరు. ఆ ఒక్కరూ సామాను ఇచ్చేసి మళ్ళీ అద్దం దగ్గరికొచ్చి చెయ్యి ఊపుతారు. బయట ఉన్నవాళ్ళు అందుకోసమే నిలబడి ఉంటారు.

రెండోసారి ఒక్కో ప్రయాణికుడికి ఒక్కో గుంపును తగిలించాను. ఈసారి గుంపులు వచ్చాయి, నిలబడ్డాయి, ఇక కదల్లేదు. ఒకదాని వెనక ఒకటి చేరి తెర నిండిపోయింది. చుక్కలకు రావడం నేర్పాను గాని పోవడం నేర్పలేదు. ఇదే బొమ్మ ఆఫీసరుకు చూపిస్తే మరునాడే బారికేడ్లు దిగుతాయి.

మరి మనుషులు ఎప్పుడు వెళ్ళిపోతారు? డ్యూటీలో ఇదే చూస్తూ నిలబడ్డాను. మావైపు ప్రయాణమయ్యేవాళ్ళు ‘పోతా’ అనరు, ‘పోయొస్తా’ అంటారు. అట్లాగే సాగనంపేవాళ్ళలో ఎవరూ ముందుగా వెనక్కి తిరగరు. తిరిగితే మాట పడాలి. “వాడు ఇంక కనవడుతనే ఉన్నడు, గీమెకు తొందరైంది” అని పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు. అందుకని కాళ్ళు పీకుతున్నా, పిల్లలు ఏడుస్తున్నా నిలబడతారు. గుంపులో పెద్ద ఒకరు ‘ఇక పోదాం’ అనాలి. పాతబస్తీవాళ్ళయితే “చలో” అంటారు. మా ఇంట్లో బాపు అనేవాడు. తమ్ముడు పోయిన ప్రతిసారీ భుజం మీది తువ్వాల దులిపి, “ఇగ పోదాం పాండ్రి. వాని దారి వాడు చూస్కుంటడు” అని తిరిగేవాడు. మేము మెడలు తిప్పుకుంటూ నడిచేవాళ్ళం గాని, ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూసేవాడు కాదు. రాతిగుండె మనిషి అనుకునేదాన్ని.

అదే రాశాను. గుంపులో ఒక చుక్క పెద్ద. అది తిరిగితే అన్నీ తిరగాలి. తిరిగాక పెద్ద మళ్ళీ అద్దం వైపు చూడకూడదు. చూడాలంటే ఇంకో నాలుగు వరసలు రాయాలి, నాకు ఓపిక లేదు.

గుంపులు కదిలాయి. అయితే ఒకటీ అరా అద్దానికి అతుక్కుని అట్లాగే ఉండిపోయేవి. తిట్టుకుంటూ వెతికితే తప్పు దొరికింది. ఆ గుంపుల్లో ప్రయాణికుడే పెద్ద. ఉమ్రాకు పోయే పెద్దామె లోపలికి పోయాక బయటివాళ్ళకు పొమ్మని చెప్పేవాళ్ళు లేరు. పెద్ద లేకపోతే వయసులో తర్వాతి చుక్కే పెద్ద అని ఇంకో వరస చేర్చాను. అన్నీ చక్కగా తిరిగి పార్కింగ్ వైపు నడిచాయి.

బారికేడ్లతో ఒకటి, లేకుండా ఒకటి, రెండు బొమ్మలూ ఆఫీసరు చూశాడు. బారికేడ్లు పెడితే రద్దీ పోవడం లేదు, పార్కింగ్ దగ్గరికి జరుగుతోంది. పెట్టకపోతే గుంపులు వాటంతట అవే కరుగుతున్నాయి.

“బాగుందండి. కానీ చుక్కలకు మీరు చెప్పారు. మనుషుల్లో తర్వాతి పెద్ద ఎవరో వాళ్ళకెలా తెలుస్తుంది?”

“తెలుస్తది సార్,” అన్నాను.

ఆయన నమ్మలేదు, కాదనలేదు. ఒక వారం గేటు దగ్గర చూద్దామన్నాడు. సెక్యూరిటీ ఈల వేయకుండా గుంపులు కదిలితే సరే, ఈల వేయాల్సి వస్తే బారికేడ్లే. ఆ వారం చివరి రోజు మధ్యాహ్నమే తమ్ముడి ప్రయాణం పడింది.

సెలవు పెట్టి, యూనిఫాం లేకుండా అమ్మ పక్కన నిలబడ్డాను. చిన్నాయన, చిన్నమ్మ, మేనత్తలు, వాళ్ళ పిల్లలు, అందరం ఉన్నాం. తమ్ముడు అమ్మ కాళ్ళకు మొక్కి, “పోయొస్తనే” అని లోపలికి పోయాడు. సామాను ఇచ్చి అద్దం దగ్గరికొచ్చాడు, చెయ్యి ఊపాడు. మేమూ ఊపాం. వాడు ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ ఆగాడు. మేమూ అట్లాగే ఉన్నాం.

ఆఫీసరు గేటు పక్కనే నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. మా వెనక ఇంకో కుటుంబం వచ్చి ఆగింది, దాని వెనక ఇంకొకటి. చిన్నాయన అమ్మ వైపు చూసి, “వదినె చెప్పాలె” అని గొణిగాడు. అమ్మ వినలేదో, విననట్టుందో. ఆమె కళ్ళు అద్దం మీదే ఉన్నాయి. మేనత్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాపు పోయిన రోజు కూడా నాకు ఇంత లోటు తెలియలేదు. ఆ రోజు చేయాల్సిన పనులు చెప్పేవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఇక్కడ ఒక్క మాట అనేవాళ్ళు లేరు.

సెక్యూరిటీ ఆయన ఈల చేతిలోకి తీసుకున్నాడు. అమ్మ అప్పుడు నా వైపు తిరిగింది.

ఆ మాట అనడం నాకు ఇష్టం లేదు. ఇంకొంచెంసేపు తమ్ముణ్ణి చూడాలనుంది.

“ఇగ పోదాం పాండ్రి,” అన్నాను. “వాని దారి వాడు చూస్కుంటడు.”

తిరిగి నడిచాను. అమ్మ కదిలింది, చిన్నాయన కదిలాడు, పిల్లలు మెడలు తిప్పుకుంటూ వచ్చారు. ఆఫీసరు పక్కనుంచి పోతుంటే, “ఇక బారికేడ్లు వద్దులెండి,” అన్నాడు నెమ్మదిగా. తల ఊపాను, ఆగలేదు.

వెనక నుంచి మేనత్త కూతురు, “అక్కా, ఇంక చెయ్యి ఊపుతనే ఉన్నడే, జర సూడు” అంది. నేను చూడలేదు. చూస్తే ఆగిపోతాను. నేను ఆగితే అందరూ ఆగిపోతారు. బాపు సంగతి కూడా ఇదే అయి ఉంటుంది.