వదినను తిట్టిన బాతు: ఆక్లాండ్ నుంచి వెల్లింగ్టన్ దాకా రైల్లో

ఆక్లాండ్ నుంచి వెల్లింగ్టన్‌కి విమానంలో గంట ప్రయాణం. రైల్లో దాదాపు పదకొండు గంటలు. నేను రైలెక్కింది కొండలూ లోయలూ చూడాలని కాదు, ఎంత ఆలస్యంగా చేరితే అంత మంచిదని. నేను నోరారా తిట్టిన తిట్లు వినడానికి మా వదిన అక్కడ టిక్కెట్టు తీసుకుని కూర్చున్నారు. ఆ తిట్లు తననేనని ఆవిడకు తెలియదు.

మొదటినుంచీ చెబుతాను. న్యూ లిన్‌లో నేనొక డెయిరీలో పని చేస్తాను. పాలూ రొట్టే పేపరూ అమ్మే వీధి చివరి కొట్టును ఇక్కడ డెయిరీ అంటారు. తాలియా అనే యూదుల అమ్మాయి రోజూ పాలకోసం వచ్చేది. ముప్పై ఏళ్ళుంటాయి, బొమ్మల సినిమాలు గీస్తుంది. ఒకరోజు నేను మా ఆయన్ని ఫోన్లో దులిపేస్తుంటే పాల సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఫోన్ పెట్టేశాక, "ఆంటీ, మా బాతుకి మీ గొంతు కావాలి" అంది.

తాలియా సినిమా హనుక్కా గురించి, అది యూదుల దీపాల పండుగ. ఎనిమిది రోజులు, రోజుకో దీపం పెంచుకుంటూ వెలిగిస్తారు, నూనెలో వేయించినవి తింటారు. అంతవరకూ నాకు బాగానే నచ్చింది. తాలియా తీసేది మాత్రం భక్తి సినిమా కాదు. ఒక ఇంట్లో పండుగ వంటకి కొవ్వు కావాలని బతికున్న బాతును కొనుక్కొస్తారు. అది కత్తికి దొరక్కుండా ఇల్లంతా పరిగెడుతూ రోజుకొక చోట రెట్ట వేస్తుంది. ఆ ఇంటి మామయ్య వేపుళ్ళు మెక్కి వదిలే గాలికి వెలిగించిన దీపాలన్నీ ఆరిపోతాయి. మొదటిసారి విన్నప్పుడు ఛీ అన్నాను. రెండోసారికి కౌంటర్ పట్టుకుని నవ్వాను.

ఆ బాతు ఎవరికీ అర్థం కాని భాషలో అందరినీ తిట్టాలి. మీకు బాగా ఒళ్ళుమండిన మనిషిని తలచుకుని మాట్లాడండి, ఎవరికి తెలుస్తుంది అంది తాలియా. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. ఈ దేశంలో మనవాళ్ళందరం చేసే తప్పే ఇది. బస్సులో, లిఫ్టులో, పక్కవాడి ముందే పక్కవాడి గురించి హాయిగా తెలుగులో చెప్పేసుకుంటాం, తెలుగు మన ఇంటి బీరువా అయినట్టూ తాళం మన దగ్గరే ఉన్నట్టూ.

నేను తలచుకున్నది సరోజిని వదినను. మా ఆయన అక్క, ఆయనకు మిగిలిన తోబుట్టువు ఆవిడ ఒక్కరే. మేమీ దేశం వచ్చిన కొత్తలో హెండర్సన్‌లో వాళ్ళింట్లో పద్నాలుగు నెలలున్నాం. స్నానానికి వెళ్ళి ఐదు నిమిషాలైతే చాలు, తలుపు మీద టకటకా కొట్టేవారు. సబ్బు పెట్టె మీద ఎవరి పేరు వాళ్ళది. గట్టిగా నడిస్తే తప్పు, గట్టిగా నవ్వితే తప్పు. ఏం చేసినా "ఈ దేశంలో అలా చెయ్యరు సుజాతా" అనేవారు. విడిగా ఫ్లాట్ తీసుకుని వచ్చేసిన రోజున నేను నాలుగన్నాను, ఆవిడ ఎనిమిదన్నారు. తర్వాత వాళ్ళు వెల్లింగ్టన్ పక్కన లోయర్ హట్‌కి మారిపోయారు. నాలుగేళ్ళు మాటల్లేవు. మా ఆయన అక్కతో మాట్లాడాలంటే ఫోన్ పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళేవాడు.

ఆ పద్నాలుగు నెలలూ బాతు నోట కక్కేశాను. సబ్బు, స్నానం, టకటకా, అన్నీ. వదిన భర్తను నేను అన్నయ్యగారంటాను. ఆయన పొద్దున్నే విడిచే గాలికి పక్కింటి కుక్క మొరుగుతుందని కూడా అన్నాను. తాలియాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆఖరి సీన్‌కి మాత్రం, ఏడుస్తున్న పిల్లకి బాతు ఏదైనా మెత్తగా చెప్పాలంది. నోటికొచ్చింది చెప్పి ఇంటికొచ్చాను.

నవంబరులో వదినే ఫోన్ చేశారు, నాకు. వెల్లింగ్టన్‌లో ఆడబోయే బాతు సినిమా పోస్టర్ మీద నా పేరు చూశారట. "మేమిద్దరం టిక్కెట్లు తీసుకున్నాం. నువ్వు మా ఇంటికే రా. హోటలూ గీటలూ అన్నావంటే ఊరుకోను" అన్నారు. మా ఆయన పక్కనే నిలబడి, శుభ్రంగా ఉన్న వంటగట్టునే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. ఆ ముఖం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు.

2018 డిసెంబరు, శనివారం. ఆరున్నరకి ఇంట్లో బయల్దేరితే ఏడుంబావుకి మా ఆయన స్ట్రాండ్ స్టేషన్ దగ్గర దింపి తన పనికి పోయాడు. ఈ రైలు వారానికి మూడు రోజులే ఇటు వెళుతుంది, కాబట్టి ముందుగానే బుక్ చేసుకోవాలి. పెద్ద బ్యాగులు లగేజీ బోగీలో ఇచ్చేయాలి. పావుతక్కువ ఎనిమిదికి కదిలింది. కిటికీలు పెద్దవి, సీట్లు మెత్తనివి, టీ ఒక బోగీలో దొరుకుతుంది. పై అని లోపల కూర పెట్టి కాల్చిన రొట్టె ఒకటి కొన్నాను, చప్పగా ఉంది. నాలాగా చపాతీ, బంగాళాదుంప కూర తెచ్చుకోవడం మేలు.

పక్క సీట్లో లొరెయిన్ అనే పెద్దావిడ, డెబ్బై ఏళ్ళుంటాయి. గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాలకు వంట చేసి రిటైరైందట. ఒహాకునేలో చెల్లెలి దగ్గరికి వెళుతోంది. హామిల్టన్ దాటేదాకా ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత చపాతీ పెట్టాను, చపాతీతోపాటు నా గోడు కూడా. బాతు రెట్ట సంగతి చెప్పినప్పుడు ఆవిడ అల్లిక సూదులు ఒళ్ళో పడేసి నవ్వింది. నవ్వాక, హాల్లోకి వెళ్ళేముందే చెప్పెయ్యమంది. తను చెల్లెలికి చెప్పాల్సిన మాట ఒకటి తొమ్మిదేళ్ళు చెప్పలేదట. అదేమిటో నేనడగలేదు.

పన్నెండు దాటాక రౌరిము దగ్గర రైలు కొండ చుట్టూ గుండ్రంగా తిరుగుతూ పైకెక్కింది. ఒక మలుపులో మనం వచ్చిన పట్టాలే కింద కనిపిస్తాయి. నేషనల్ పార్క్ స్టేషన్లో కాసేపు దిగి నడవొచ్చు. ఎండ కాస్తోంది, కానీ గాలి చలి. ఎడమవైపు రువాపెహు కొండ, నెత్తిన ఇంకా మంచుంది. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నేను మాత్రం "వదినా, మీకొక సంగతి చెప్పాలి" అని ప్రాక్టీసు చేసుకున్నాను. ఒహాకునేలో లొరెయిన్ దిగింది. ప్లాట్‌ఫారం మీద ఆవిడ చెల్లెలు ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంది.

నాలుగున్నర ప్రాంతంలో పామర్‌స్టన్ నార్త్, ఆ తర్వాత కుడివైపు సముద్రం. ఆరున్నరకి వెల్లింగ్టన్. ఈ ఊళ్ళో గాలి గురించి విన్నది నిజమే, దిగగానే చున్నీ ముఖానికి చుట్టుకుంది. దాన్ని విడదీసుకునేసరికి ఎదురుగా వదిన. జుట్టు బాగా నెరిసింది. కాస్త చిక్కారు కూడా. ప్రాక్టీసు చేసిన మాట చెప్పకుండా, బ్యాగు తెచ్చుకుంటానని లగేజీ బోగీ వైపు నడిచాను.

ఇంటికెళితే కందిపొడి, గుత్తివంకాయ, నెయ్యి. బాత్రూంలో కొత్త సబ్బు, పెట్టె మీద పేరు లేదు. "ఎంతసేపైనా చెయ్యి, వేణ్ణీళ్ళకి కొదవలేదు" అన్నారు బయటినుంచి. నేను నీళ్ళు తిప్పుకుని కింద నిలబడి ఏడ్చినంత పని చేశాను. భోజనాల దగ్గర మాత్రం ఒక ప్రయత్నం చేశాను. "వదినా, ఆ బాతుకి కొంచెం నోటిదురుసు" అన్నాను. బాతే కదా అని వదిన ఇంకో వంకాయ వేశారు. ఇక నావల్ల కాలేదు.

ఆదివారం మూడు గంటలకి ఆట. ఊళ్ళో పాత హాలు, ఎనభై కుర్చీలుంటాయేమో, దాదాపు నిండాయి. ఆ రోజే పండుగ ఆఖరి దీపం. డిసెంబరులో ఇక్కడ పొద్దు పోయేసరికి తొమ్మిదవుతుంది కాబట్టి దీపాలు ఇళ్ళల్లోనే పెట్టుకుంటారు, ఇక్కడ డోనట్లు మాత్రమే అంది తాలియా. వదినకూ అన్నయ్యగారికీ మధ్య కుర్చీ నాకిచ్చారు. తప్పించుకోవడానికి దారి లేదు.

నాలుగో నిమిషంలో మామయ్య గాలికి మొదటి దీపం ఆరింది. హాలు గొల్లుమంది. ఆరో నిమిషంలో బాతు నోరు తెరిచింది. "ఓ మహాతల్లీ! ఐదు నిమిషాల్లో ఒళ్ళెలా తడుస్తుందే? నీ సబ్బు మీద నీ పేరు రాసుకున్నావు సరే, నీళ్ళ మీద కూడా రాసుకో!" తెరమీద బాతు రెక్కలు కొట్టుకుంటూ పరిగెడుతోంది, జనం పడీపడీ నవ్వుతున్నారు. వదిన చెయ్యి కుర్చీ చేతి మీద బిగుసుకుంది. నేను అటు తల తిప్పలేదు. పక్కింటి కుక్క మొరిగిన చోట ఎవరూ నవ్వలేదు, ఒక్క అన్నయ్యగారు తప్ప. ఆయన ఎంత పెద్దగా నవ్వారంటే ముందు వరుస వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నేనా కుర్చీలోనే చచ్చిపోతే బాగుండుననుకున్నాను.

ఆఖరి సీను. ఎనిమిదో రోజు, బాతు దొరికిపోయింది. రేపు కోస్తారని ఆ ఇంటి పాప వంటింట్లో కూర్చుని ఏడుస్తోంది. బాతు ఒక డోనట్‌ను ముక్కుతో పాప వైపు నెట్టి నా గొంతుతో మెల్లగా అంది. "తిన్నావా? ముందు తిను. ఏడుపెక్కడికీ పోదు, తర్వాత తీరిగ్గా ఏడుద్దువు గానీ."

అర్థం కాకపోయినా హాలంతా గప్‌చుప్‌గా అయిపోయింది. ఆ మాట ఎక్కడిదో అప్పుడు గుర్తొచ్చింది. ఈ దేశంలో దిగిన మొదటిరోజు హెండర్సన్ వంటింట్లో పెట్టెలు కూడా విప్పకుండా కూర్చుని నేను ఏడుస్తుంటే, పప్పన్నం కలిపి పళ్ళెం ముందుకు నెట్టి వదిన అన్న మాట అది. అక్షరం తేడా లేదు. పద్నాలుగు నెలల తిట్లన్నీ పేరుపేరునా గుర్తుపెట్టుకున్నదాన్ని, ఇదెలా మర్చిపోయానో.

సినిమాలో బాతును కొయ్యలేదు లెండి. లైట్లు వెలిగేసరికి వదిన కుర్చీలో లేరు.

బయట డోనట్ల బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో డోనట్ ఉంది, కొరకలేదు.

"ఆ చివరి మాట నీకెక్కడిది?" అన్నారు.

"మీదే వదినా. ఇప్పుడు వింటేనే తెలిసింది."

"మరి ముందువి?"

"అవి కూడా మీ గురించే." పదకొండు గంటలు ప్రాక్టీసు చేసిన మాట అలా రెండు ముక్కల్లో అయిపోయింది. క్షమించమన్నాను. ఆవిడ గోడమీద పోస్టర్ వైపు తిరిగారు.

అటే చూస్తూ చెప్పారు. "హెండర్సన్ ఇల్లు మా ఇద్దరికనే ఇచ్చాడే ఓనరు. కింద వాటాలోనే ఉండేవాడు. నలుగురం ఉన్నామని తెలిస్తే అందరం రోడ్డు మీదే. నీళ్ళ చప్పుడు ఎక్కువసేపు వినపడితే పైకొచ్చి చూస్తాడని నా గుండె కొట్టుకునేది. నీకు చెబితే ఆ పూటే పెట్టె సర్దేస్తావని చెప్పలేదు."

టకటకా కొట్టింది, అడుగులు మెల్లగా వెయ్యమంది, నవ్వొద్దంది, అన్నీ మమ్మల్ని దాచిపెట్టడానికట. నాకు సిగ్గేసింది.

"సబ్బు మాత్రం నా బుద్ధే" అన్నారు వదిన. "పిచ్చిదానిలా పేర్లు రాసేదాన్ని. ఇంకొకటి, మీ అన్నయ్యగారి సంగతి నువ్వు చాలా తగ్గించి చెప్పావు." అని డోనట్ రెండు ముక్కలు చేసి సగం నాకిచ్చారు. జామ్ కారి ఇద్దరి చేతులూ ఎర్రగా అయ్యాయి. అన్నయ్యగారు వచ్చేసరికి మేమిద్దరం ఆయన్ని చూసి నవ్వుతున్నాం. ఎందుకో ఆయనకు చెప్పాల్సిన పని లేకపోయింది.

సోమవారం పెటోన్ సముద్రపొడ్డున నడిచాం. మా ఆయనకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాం. మొదట ఇద్దరి గొంతులూ ఒకేసారి వినేసరికి పాపం ఎవరెవరని రెండుసార్లు అడిగాడు. ఎక్కడున్నావురా, బాత్రూంలోనా అని అడిగారు వదిన. లేదక్కా, హాల్లోనే అన్నాడు.

మంగళవారం పొద్దున ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు తిరుగు రైలు. ఎవరైనా ఈ దారిన వెళ్ళదలిస్తే చెబుతున్నాను. ఆక్లాండ్ నుంచి వెళ్ళేటప్పుడు కొండ కావాలంటే ఎడమవైపు, సముద్రం కావాలంటే కుడివైపు కూర్చోండి. తిరిగొచ్చేటప్పుడు దీనికి తలకిందులు. స్వెట్టర్ మర్చిపోవద్దు. చెప్పాల్సిన మాటేదైనా ఉంటే ఒహాకునే లోపు నిశ్చయించుకోండి, ఆ తర్వాత దారి చాలా తొందరగా గడిచిపోతుంది. తాలియా వచ్చే ఏడాదికి ఇంకో కథ రాస్తోంది, బాతుకి ఒక అక్క కావాలట. వదిన పేరు చెప్పాను. "నా వైపు కూడా చెప్పుకోవాలి కదా" అని ఆవిడ అప్పుడే ఒప్పేసుకున్నారు.

వెళుతున్నప్పుడు కంటికి ఆనని కొండలూ వంతెనలూ వచ్చేటప్పుడు ఒక్కొక్కటే కనిపించాయి. ఇంత అందమైన దారిలో అంత భయపడుతూ వెళ్ళానా అనిపించింది. ఒహాకునే స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు లొరెయిన్ కోసం కిటికీలోంచి చూశాను. లేదు. ఆవిడకో కబురు చెప్పాలని ఉండింది.

అక్కడ ఆకలేసి, వెల్లింగ్టన్ స్టేషన్లో వదిన చేతికిచ్చిన డబ్బా తీశాను. మూత మీద నల్ల మార్కర్‌తో పెద్ద అక్షరాలు: సుజాతది, ఎవరూ ముట్టుకోకూడదు. నవ్వుకుంటూ మూత తీశాను. పులిహోర. మూత లోపలివైపు చిన్నగా ఇంకో రెండు మాటలున్నాయి: ముందు తిను.

చెప్పినట్టే ముందు తిన్నాను.