మొండిఘటం రాసిన మంచి మాట

ఆఫీసులో అందరూ అతన్ని కత్తెర అనేవారు. అసలు పేరుతో పిలిచేది భార్య ఒక్కతే, అదీ కోపం వచ్చినప్పుడే. అతను పనిచేసేది ఒక వార్తల సైటులో. వార్తల కింద పాఠకులు రాసే కామెంట్లు చదివి, బూతులూ తిట్లూ ఉన్నవాటిని కొట్టేయడమే అతని ఉద్యోగం. వార్త రాసినవాడికి పేరొస్తుంది, ఫొటో తీసినవాడికి పేరొస్తుంది. ఊడ్చేవాడికి దుమ్ము తప్ప ఏమొస్తుంది? మంత్రి తల్లిని, ఆటగాడి చెల్లిని, వంతెన కట్టిన ఇంజనీరు ఏడు తరాలను ఎవరెవరో తిట్టిపోస్తే, ఆ తిట్లన్నీ ముందు అతని కళ్లలోంచి దూరి వెళ్లాకే చెత్తబుట్టలో పడేవి.

"నేను మాట్లాడుతుంటే నీ బొటనవేలు కదులుతోంది చూడు" అనేది భార్య, కంచం ముందు పెడుతూ. "నన్ను కూడా కొట్టేస్తున్నావా ఏంటి?"

అతను నవ్వేవాడు కానీ వేలు నిజంగానే కదిలేది.

ఆ కుర్చీలోంచి బయటపడటానికే సాయంత్రం కాలేజీలో చేరాడు. కమ్యూనికేషన్, న్యూ మీడియాలో పీజీ. "పట్టా తెచ్చుకో, రాసేవాళ్ల వరసలో నీకూ కుర్చీ వేయిస్తా" అని ఎడిటర్ మాట ఇచ్చాడు. క్లాసులో తనకంటే చాలా చిన్నవాళ్లు పాఠకుల స్పందనను 'ఎంగేజ్‌మెంట్' అంటూ గంటలకొద్దీ మాట్లాడుతుంటే కత్తెరకు ఒళ్లు మండేది. వాళ్లు ఎంగేజ్‌మెంట్ అని మురిసిపోయేదాన్నే తను రోజూ డ్యూటీ దిగాక సబ్బుతో కడుక్కుంటున్నాడు.

థీసిస్‌కు అతను ఎంచుకున్న విషయం, కామెంట్లలో కోపం. చేతిలో ఉన్న సరుకే కదా. ఏ వార్తకు ఎన్ని తిట్లు, ఏ వేళకు ఏ రకం తిట్లు అని పట్టికలు గీసి తీసుకెళ్లాడు. ప్రొఫెసర్ మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"పట్టికలు బాగున్నాయి బాబూ. మనిషేడీ? తిట్టినవాడు ఒక్కడైనా నోరు విప్పి చెప్పాలి, ఎందుకు తిట్టాడో. అది లేకుండా నేను సంతకం పెట్టను."

కత్తెర కనపడ్డవాళ్లందరినీ అడిగాడు. ఊరంతా తిట్టేవాళ్లే అయినా, నేను తిడతానని ఒప్పుకునేవాడు ఒక్కడూ దొరకలేదు. గడువు దగ్గరపడే కొద్దీ అతనికి తిండి సయించలేదు. అప్పుడు గుర్తొచ్చాడు మొండిఘటం.

మొండిఘటం అనేది ఒక పాఠకుడు పెట్టుకున్న పేరు. రోజూ తిడతాడు. ఒక తిట్టు మళ్లీ వాడడు. కత్తెర కొట్టేస్తూనే ఉంటాడు, అతను రాస్తూనే ఉంటాడు. ఇద్దరికీ ముఖపరిచయం లేదు కానీ, ఒక్కరోజు అతను రాయకపోతే కత్తెరకు ఏదో వెలితిగా ఉండేది. కామెంటు పక్కనున్న చిన్న బొమ్మ నొక్కితే రాసినవాళ్ల మెయిల్ కనపడుతుంది. అది పని కోసం మాత్రమే, పాఠకుడి వివరం గడప దాటితే ఉద్యోగం పోయినట్టే అని చేరిన రోజే చెప్పారు. కత్తెర ఆ బొమ్మ నొక్కాడు. అటూ ఇటూ చూశాడు. మీ కామెంట్లు కొట్టేసేది నేనే, నా చదువు కోసం కాసేపు మాట్లాడతారా అని మర్యాదగా రాసి పంపేశాడు.

జవాబు ఒక్క ముక్క. "వస్తున్నా."

ఎక్కడికి, ఎప్పుడు అని లేదు.

రెండోనాడు గేటు దగ్గరి సెక్యూరిటీ ఫోన్ చేశాడు. "అన్నా, ఎవరో పెద్దాయన వచ్చాడు. కామెంట్లు కొట్టేసే బాబుని పిలవమని ఒకటే గోల."

కత్తెర మెట్లు దిగాడో, మెట్లే అతన్ని దించాయో తెలియదు. కింద ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక బక్కపలచని మనిషి నిలబడి ఉన్నాడు. జేబులో పెన్నుకు బదులు బుల్లి స్క్రూడ్రైవర్.

"నువ్వేనా నన్ను కొట్టేసేది?" అన్నాడు, వీధి చివరికి వినపడేలా.

"మెల్లగా అండీ, మెల్లగా!"

సరిగ్గా అప్పుడే ఎడిటర్ కారు దిగి వస్తున్నాడు. "ఎవరయ్యా ఈయన?"

కత్తెర గబుక్కున పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. "మా... మావయ్య సార్."

పెద్దాయన ఒక్కసారి కత్తెర మొహంలోకి చూశాడు. తర్వాత ఎడిటర్‌కు దణ్ణం పెట్టాడు. "అవునండీ, మా అల్లుడే. ఒట్టి భయస్తుడు. కాస్త కనిపెట్టి ఉండండి."

ఎడిటర్ నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాక పెద్దాయన, "పని ఎగ్గొట్టి వచ్చావని తిడతాడనేనా నన్ను మావయ్యను చేశావు? సరేలే అల్లుడూ" అన్నాడు. అడగకుండానే కత్తెర కళ్లద్దాలు లాక్కుని వదులైన మర బిగించసాగాడు. ఆయన కళ్లద్దాల షాపులో పనిచేస్తాడట.

"ఎందుకు తిడతారు మావయ్యా?" కత్తెర ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాడు.

"మొదట్లో మంచిగానే రాశానయ్యా. మంచి మాట రాస్తే అక్కడే పడి ఉంటుంది, కుక్క కూడా చూడదు. తిట్టు రాస్తే కాసేపట్లో మాయం. మాయమైందంటే ఎవడో చదివాడనే కదా? షాపులో రోజంతా జనం కళ్లలోకి చూస్తూ ఉంటా. వాళ్లేమో అద్దంలో వాళ్ల మొహం చూసుకుంటారు. నా మొహం చూసినవాడు లేడు." కళ్లద్దాలు తుడిచి తిరిగి ఇచ్చాడు. "ఇదిగో, పెట్టుకో. ఇప్పుడు కనపడుతున్నానా?"

ఆ మాటలతో థీసిస్‌కు ప్రాణమొచ్చింది. మేడమ్ చదివి తల ఊపింది. కానీ ఆమె కన్ను మామూలు కన్ను కాదు.

"ఈయన్ని ఎలా పట్టుకున్నావు? ఆఫీసులోంచి పాఠకుల వివరాలు తీయలేదు కదా?"

"లేదు మేడమ్. మా మావయ్యే."

"మరి ఆ మాటే థీసిస్‌లో ఒక్క వాక్యం రాయి."

రాశాడు. ఆమె సంతకం పెట్టింది. థీసిస్‌ను కాలేజీ సైటులో పెట్టారు. నా గురించి ఏం రాశావో చూపించమని పెద్దాయన రోజూ ప్రాణం తీస్తుంటే లింకు ఆయనకూ పంపాడు. అప్పటి నుంచీ ఎవరు గట్టిగా పిలిచినా కత్తెర ఉలిక్కిపడేవాడు. "పాసయ్యావు కదా, ఇంకా ఆ మొహమేంటి?" అని భార్య అడిగితే, నిద్ర చాలలేదని చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం ఎడిటర్ తన గదిలోంచే కేకేశాడు. "కత్తెరా! మీ మేడమ్ తెగ పొగుడుతోందయ్యా నిన్ను. ఆ లింకేదో పంపు, చదువుతా. సోమవారం నుంచి నీ కుర్చీ మారుతోంది."

లింకు కోసం కత్తెర ఆ పేజీ తెరిచాడు. కింద, పాఠకుల అభిప్రాయం అన్నచోట, ఒకే ఒక్క కామెంటు. రాసింది మొండిఘటం.

"ఇందులోని పెద్దమనిషిని నేనే. ఒక్క తప్పు తప్ప అంతా సరిగ్గా ఉంది. ఈ అబ్బాయి నాకు బంధువు కాదు. ఆఫీసులో నా మెయిల్ వెతికి పట్టుకుని, మర్యాదగా రాసి పలకరించాడు. సొంతవాళ్లే పలకరించని రోజుల్లో, ముక్కూ మొహం తెలియనివాడి కోసం ఇంత కష్టపడినవాడు బంధువు కంటే ఎక్కువ. చల్లగా ఉండాలి."

బొటనవేలు తనంతట తానే ఆ వాక్యాల మీదికి వెళ్లింది. కొట్టేయడానికి అక్కడ ఏమీ లేదు. ఇది అతని సైటు కాదు. ఊరందరి మాటలూ కొట్టేసే మనిషికి ఈ నాలుగు ముక్కల మీద మాత్రం అధికారం లేదు.

మెట్ల మీదికి పరుగెత్తి ఫోన్ చేశాడు. "మావయ్యా, ఆ కామెంటు తీసేయండి."

"ఎందుకు? ఒక్క తిట్టు కూడా లేదే! షాపులో అమ్మాయి చేత రెండుసార్లు చదివించుకుని మరీ పెట్టాను. ఇన్నేళ్లకు ఒక మంచి మాట రాస్తే, దాన్ని కూడా కొట్టేస్తావా అల్లుడూ?"

ఉద్యోగం పోతుంది మావయ్యా అని ఒక్క మాట అంటే ఆయన తీసేసేవాడే. మాట పెదాల దాకా వచ్చింది. అవతల షాపులో ఎవరో బేరమాడుతున్న చప్పుడు.

"వద్దులెండి" అన్నాడు కత్తెర. "ఉండనివ్వండి."

"అయితే చదివావన్నమాట!"

"చదివాను."

లింకు పంపి, ఎడిటర్ గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఎడిటర్ వేలు ఫోన్ మీద కిందికి, ఇంకా కిందికి జరుగుతోంది. ఒకచోట నవ్వాడు. ఒకచోట "బాగుందయ్యా" అన్నాడు. వేలు చివరికి వచ్చి ఆగింది.

"ఆ రోజు గేటు దగ్గర, మావయ్య అన్నావు."

"కాదు సార్" అన్నాడు కత్తెర.

ఎడిటర్ ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. "తలుపు వేసి రా."